కర్టెన్లక్క పొద్దుటి దిగులు

సాయంత్రం పూట కర్టెన్లక్కని చూసినవాళ్ళెవరైనా, దిగులనేది ఈమె గుమ్మం ఎప్పుడూ తొక్కి ఉండదనుకుంటారు. మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క, నోటి నిండా కబుర్లు. కొలతలకని ఎవరింటికైనా వెళ్ళిందంటే, కిటికీ పొడుగూ వెడల్పూ తీసేలోగా ఆ ఇంటి అత్తాకోడళ్ళ పొడుగూ వెడల్పూ కూడా తీసేస్తుంది. "మీ అత్తగారి గదికి ఈ పల్చటి గుడ్డ వద్దమ్మా, ఆవిడకి బయటివన్నీ కనపడితే నీకే కష్టం," అని కోడలి చెవిలో చెప్పి, వెనక్కి తిరిగి అత్తగారితో, "మీ కోడలు మీ నిద్ర గురించి ఎంత ఆలోచిస్తోందో చూశారా!" అనగల మనిషి. ఇద్దరూ మురిసిపోతారు. టీ ఇచ్చి మరీ పంపిస్తారు.

ఆమె అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. పెద్దవాళ్ళకీ చిన్నవాళ్ళకీ కర్టెన్లక్కే. సొంత మొగుడు కూడా ఒకసారి ఫోనులో పరాగ్గా, "కర్టెన్లక్క ఇంట్లో లేదండీ," అనేశాడని చెప్పుకుని నవ్వుకుంటారు.

కొట్టు ఆమెదీ, ఆమె ఆడపడుచుదీ కలిపి. కర్టెన్లక్క మొగుడికి చెల్లెలావిడ. వయసులో చిన్నది, నాలుక మాత్రం పెద్దది. మిషను మీద కుట్టేది ఆవిడే. ఎప్పుడు చూసినా పెదాల మధ్య రెండు మూడు గుండుసూదులుంటాయి. ఆ సూదులు తీశాక వచ్చే మాటలు అంతకన్నా బాగా గుచ్చుకుంటాయి. అందుకని గుండుసూది అని పేరు పడిపోయింది. పెట్టింది కర్టెన్లక్కే. వదినా ఆడపడుచూ ఒకే కప్పు కింద పని మొదలుపెడితే వారం తిరక్కుండా కత్తెరలు విసురుకుంటారని వీధి వీధంతా కాచుక్కూచుంది. ఎక్కడ! పొద్దంతా మాటలు విసురుకోవడం, సాయంత్రం మెట్ల మీద కూచుని ఒకే పొట్లంలో పల్లీలు తినడం. చూసి చూసి వీధికే విసుగొచ్చింది.

అయితే ఇదంతా మధ్యాహ్నం తర్వాతి కర్టెన్లక్క. పొద్దుటి కర్టెన్లక్క వేరే మనిషి.

ఎప్పుడు మొదలైందో ఆమెకే సరిగ్గా తెలీదు. ఒకరోజు పొద్దున మెలకువ వచ్చేసరికి గుండెల మీద ఎవరో నీళ్ళల్లో నానబెట్టిన బొంత పరిచినట్టనిపించింది. కళ్ళు తెరిచినా చీకటే, మూసినా చీకటే. లేవాలి. ఎందుకు లేవాలి? మొహం కడుక్కోవాలి. ఎందుకు కడుక్కోవాలి? టీ గిన్నె పొయ్యి మీద పెట్టాలంటే కొండ ఎక్కినంత పని. ఒకరోజైతే చేతిలో బ్రష్షు పట్టుకుని, దాని మీద పేస్టు వెయ్యడానికి ఓపిక లేక, అద్దం ముందు నిలబడి ఏడ్చేసింది. ఎవరూ ఏమీ అనలేదు. ఏ కష్టమూ రాలేదు. ఇంత తిండి ఉంది, నీడ ఉంది, మంచి మొగుడున్నాడు, చదువుకునే కూతురుంది. దేనికేడుస్తున్నట్టు?

ఎండ ఎక్కేకొద్దీ ఆ బొంత దానంతటదే ఆరిపోయి తేలికైపోయేది. మధ్యాహ్నానికి అన్నం తినబుద్ధయ్యేది. సాయంత్రానికి మామూలు మనిషి. పొద్దున ఏడ్చిందెవరో తనకే గుర్తొచ్చేది కాదు. అదే పెద్ద చిక్కైపోయింది. కాలు విరిగితే రోజంతా విరిగే ఉంటుంది, నలుగురూ చూస్తారు. పొద్దున విరిగి సాయంత్రానికి అతుక్కునే కాలిని ఎవరు నమ్ముతారు? సాయంత్రం పకపకా నవ్విన నోటితో, "పొద్దున నాకు బతకబుద్ధి కాలేదు," అని ఎలా చెప్పడం? అందుకని చెప్పలేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని నోరు మూసుకుంది.

కొట్టుకి ఆలస్యంగా వెళ్ళడం మొదలైంది. ముందు కాస్త, తర్వాత బాగా, ఆ తర్వాత ఏకంగా మధ్యాహ్నమే.

ఇక్కడ వాళ్ళ పని గురించి ఒక ముక్క చెప్పాలి. కొట్టులో గుడ్డ కోసేది కర్టెన్లక్క ఒక్కతే. కటింగ్ బల్ల తూర్పు కిటికీ కిందే వేసుకున్నారు. కోత ఎప్పుడూ పొద్దుటి వెలుతురులోనే. ట్యూబులైటు కింద పక్కపక్కన పెడితే అన్నదమ్ముల్లా కనిపించే రంగులు, తెల్లారి కిటికీకి తగిలించాక దాయాదుల్లా మొహాలు తిప్పుకుంటాయి. కుట్టు తప్పితే విప్పి కుట్టుకోవచ్చు. కోత తప్పితే గుడ్డ పోయినట్టే. కాబట్టి పొద్దున కోసే మనిషి రాకపోతే మధ్యాహ్నం కుట్టే మనిషికి పని లేదు. గుండుసూది మిషను ముందు చేతులు ముడుచుకుని కూచునేది. అలా కూచోవడం ఆవిడ జాతకంలోనే లేదు.

కొన్నాళ్ళు ఓపిక పట్టింది. ఒక సాయంత్రం ఇక పట్టలేక నోట్లో సూదులు తీసి బల్ల మీద పెట్టింది. సూదులు తీసిందంటే విషయం పెద్దదన్నమాట.

"వదినా, ఒక మాటడుగుతాను, నిజం చెప్తావా?"

"నేనెప్పుడు అబద్ధం చెప్పానే?"

"నిన్న పొద్దున తలనొప్పన్నావు. మొన్న కడుపునొప్పన్నావు. అటు మొన్న నడుం పట్టేసిందన్నావు. నీ ఒంట్లో ఇంకేం భాగాలు మిగిలాయో చెప్తే, రేపు దేనికి నొప్పొస్తుందో నేనే చెప్పేస్తా."

కర్టెన్లక్క నవ్వింది. సాయంత్రం కదా, నవ్వొచ్చింది. ఆ నవ్వే కొంప ముంచింది.

"నవ్వు, నవ్వు. ఇక్కడ నేను ఈగలు తోలుకుంటుంటే నీకు నవ్వులాటగా ఉంది. వచ్చే నెలాఖరు దాకా చూస్తాను. పొద్దున్నే వచ్చి కోస్తానంటే సరే. లేదా, కోతకి వేరే మనిషిని మాట్లాడి పెట్టాను. నువ్వు మధ్యాహ్నం తీరిగ్గా వచ్చి హుక్కులు కుట్టుకో."

హుక్కులు! కర్టెన్ల పనిలో హుక్కులు కుట్టడమంటే పెళ్ళికూతుర్ని తీసుకెళ్ళి పెళ్ళిలో గిన్నెలు తోమమన్నట్టు. పొమ్మనలేక పొగబెట్టడమే. ఆ బల్ల కర్టెన్లక్క సొంతంగా కొలతలిచ్చి చేయించుకున్నది. దాని అంచులు ఎక్కడెక్కడ అరిగాయో కళ్ళు మూసుకుని చెప్పగలదు. ఆ బల్ల ముందు ఇంకొకరు కత్తెర పట్టుకుని నిలబడితే తను ఎవరికి కర్టెన్లక్క?

"వస్తానే. రేపట్నుంచి పొద్దున్నే వస్తాను," అంది. మాటైతే ఇచ్చేసింది.

మర్నాడు నిజంగానే వెళ్ళింది. ఎలా వెళ్ళిందో అడక్కండి. తడిసిన ఇసుక మూటని మెట్ల మీదుగా ఈడ్చినట్టు తన ఒంటిని తనే ఈడ్చుకుంటూ వెళ్ళింది. గుండుసూది గెలిచినట్టు చూసింది కానీ, వదిన మొహంలోకి చూడలేదు. బల్ల మీద ముదురు ఊదారంగు వెల్వెట్టు పరిచి ఉంది. పక్క వీధిలో డాక్టరమ్మ కొత్తగా సర్దుకుంటున్న క్లినిక్కులో, జనం కూర్చునే గదికి. వెల్వెట్టుకి నూగుంటుంది. ఒక వైపుకి నిమిరితే పిల్లి వీపులా నున్నగా ఉంటుంది, రెండో వైపుకి నిమిరితే గరుగ్గా లేస్తుంది. అన్ని ముక్కలూ ఒకే వైపుకి నిమిరి చూసి కొయ్యాలి, లేకపోతే ఒకే రంగు వెలుతురులో రెండు రంగులుగా కనిపిస్తుంది. కర్టెన్ల పనిలో ఇది ఓనమాలు. కర్టెన్లక్క నిద్రలో కూడా తప్పనిది. ఆవేళ మెలకువలో తప్పింది. ఒక ముక్క తలకిందులుగా కోసేసింది. చూసుకోలేదు. గుండుసూది కూడా చూడకుండా కుట్టేసింది. సాయంత్రం వెళ్ళి ఆవిడే తగిలించి వచ్చేసింది.

తెల్లవారి ఎండ పడగానే డాక్టరమ్మ ఫోను చేసింది. "ఏమ్మా, నేను ఒకే రంగు అడిగినట్టు గుర్తు. మీరు ఒకటి పండిన నేరేడుపండు, ఒకటి సగం పండిన నేరేడుపండు తగిలించారు."

గుండుసూదికి తల కొట్టేసినట్టయింది. నేరుగా వదిన ఇంటికి వెళ్ళి, తలుపు దబదబా బాది, మాట్లాడనివ్వకుండా చెయ్యి పట్టుకుని క్లినిక్కుకి లాక్కెళ్ళింది. "నీ కోత నువ్వే వచ్చి చూసుకో. నాకెందుకమ్మా, కందకి లేని దురద కత్తిపీటకెందుకు!" అని దారి పొడుగునా సణుగుతూనే ఉంది.

క్లినిక్కులో ఇంకా జనం రాలేదు. గోడలకి కొత్త సున్నం వాసన. గుండుసూది నిచ్చెనెక్కి, నోట్లో సూదులు పెట్టుకుని, తప్పు కర్టెనుని కిందికి దించుతోంది. కర్టెన్లక్క బెంచీ చివర కూచుంది. దువ్వుకోని జుట్టు, తిరగేసి వేసుకున్న స్వెట్టరు, నేల మీద చూపు. డాక్టరమ్మ లోపల్నుంచి టీ కప్పుతో వచ్చి, కాసేపు చూసి అడిగింది.

"మొన్న సాయంత్రం కొలతలకి వచ్చింది మీ అక్కగారా?"

కర్టెన్లక్క తలెత్తింది. "నాకు అక్కల్లేరండీ."

"మరి ఆవిడ? నా కిటికీ చూసి, ఇంత పెద్ద కిటికీ పెట్టారు, రోగాలు తగ్గించడానికా, లోపలున్నదెవరో వీధికి చూపించడానికా అని నన్ను కడుపుబ్బ నవ్వించింది."

"నేనేనండీ."

డాక్టరమ్మ టీ కప్పు కిటికీ గట్టు మీద పెట్టి వచ్చి పక్కన కూచుంది. "ఎన్నాళ్ళ నుంచి ఇలా?" అంది.

"ఇలా" అంటే ఏమిటో చెప్పలేదు. అడగనూ అక్కర్లేకపోయింది. ఇన్నాళ్ళూ పొద్దున మనిషిని చూసినవాళ్ళు సాయంత్రం మనిషిని చూడలేదు, సాయంత్రం చూసినవాళ్ళు పొద్దున చూడలేదు. రెండు పూటలా చూసి తేడా కనిపెట్టింది ఈవిడే. "మధ్యాహ్నానికి తగ్గిపోతుందండీ," అంది కర్టెన్లక్క, ఏదో తప్పు ఒప్పుకున్నట్టు.

నిచ్చెన మీద నుంచి సూదుల మధ్యలోంచి గొంతు వచ్చింది. "అవునండీ, కోత పని అయిపోయే టైముకి టంచనుగా తగ్గిపోతుంది!"

"మిమ్మల్ని తర్వాత చూస్తానమ్మా, ముందు కింద పడకుండా ఉండండి," అంది డాక్టరమ్మ, తల తిప్పకుండానే. "తినాలనిపిస్తుందా? నిద్ర ఎలా ఉంటోంది? పొద్దున లేవగానే ఏమనిపిస్తుంది? దాచకుండా చెప్పాలి. చచ్చిపోవాలని అనిపిస్తుందా?"

"అబ్బే, లేదండీ. అంత మాటేం లేదు." చూపు మళ్ళీ నేల మీదికి దించింది. "లేవకుండా అలాగే ఉండిపోతే బాగుండును అనిపిస్తుంది. అంతే. మళ్ళీ మధ్యాహ్నానికి, ఛీ ఇలా అనుకున్నానేమిటి అని సిగ్గేస్తుంది."

నిచ్చెన చప్పుడైంది. గుండుసూది ఒక్కొక్క మెట్టే దిగింది. నోట్లో సూదులు ఒక్కొక్కటీ తీసి జాకెట్టు అంచుకి గుచ్చుకుంది. ఆమె మొహం చూడాలి అప్పుడు.

"వదినా! మరి నడుం నొప్పనీ కడుపు నొప్పనీ నాకెందుకు చెప్పావే?"

"ఇదని చెప్తే నువ్వు నమ్ముతావా?"

గుండుసూది వచ్చి వదినకి రెండో పక్కన కూచుని, తిరగేసి ఉన్న స్వెట్టరు విప్పించి సరిగ్గా తొడిగింది. బొత్తాలు పెట్టింది.

డాక్టరమ్మ ఒక్కొక్క దారం పట్టుకుని లాగింది. ఇంట్లో పొద్దున ఎవరుంటారు? ఎవరూ ఉండరు. కూతురు పైచదువుకి వేరే ఊరు వెళ్ళింది, కిందటేడు దాకా దానికి డబ్బా కట్టి పంపించడమే పొద్దుటి హడావుడి, ఇప్పుడు కట్టడానికి డబ్బా లేదు. మొగుడు? బేకరీలో ఇదివరకు కౌంటరు దగ్గరుండేవాడు, ఇప్పుడు పొయ్యి దగ్గరికి మార్చారు. తెల్లారకముందే వెళ్ళిపోతాడు, పొద్దు గూకగానే పడుకుంటాడు. ఆయన పడుకున్నాక మీరేం చేస్తారు? ముందు గదిలో దీపం ఆర్పేసి, చప్పుడు లేకుండా ఫోను చూస్తూ కూచుంటాను. ఎంతసేపు? కళ్ళు మండేదాకా.

"పడుకునే గదిలో వెలుతురు వస్తుందా?"

అక్కడ వదినా ఆడపడుచూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గుండుసూది చెప్పింది, చెప్పేటప్పుడు కాస్త గర్వం కూడా దాగలేదు పాపం. "మా అన్నయ్య సాయంత్రం పూటే పడుకోవాలి కదండీ, వీధి లైటు కళ్ళల్లో పడుతోందంటే మేమిద్దరం కలిసి కుట్టాం. మూడు పొరల లైనింగు. కిటికీ చుట్టూ గోడకి అంటిపోయేలా పట్టీ కూడా వేశాం. మిట్ట మధ్యాహ్నం కూడా మీ చెయ్యి మీకు కనపడదు. అలాంటి పని ఈ చుట్టుపక్కల ఇంకెవరి వల్లా కాదండీ!"

డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. తర్వాత నిదానంగా చెప్పింది. ఒంట్లో ఒక గడియారం ఉంటుంది. దానికి తెల్లారిందని చెప్పేది వెలుతురు. మీ ఇంట్లో పొద్దున దానికి ఆ కబురే అందట్లేదు. రాత్రేమో ఫోను వెలుతురు చూసి అది ఇంకా పగలే అనుకుంటోంది. పైగా లేవడానికి ఒక పని లేదు, పలకరించడానికి ఒక మనిషి లేదు. ఇందులో ఏ ఒక్కటైనా అయితే తట్టుకునేవారేమో, అన్నీ ఒకేసారి వచ్చి పడ్డాయి. "ఇవి కాక ఒంట్లో ఇంకేమైనా ఉందేమో కూడా చూడాలి. థైరాయిడ్ తక్కువైనా, రక్తం తక్కువైనా ఇలాగే ఉంటుంది. రక్తం ఇచ్చి వెళ్ళండి. కర్టెన్ల మీద తప్పంతా తోసెయ్యను, భయపడకండి."

రక్తపరీక్షలో ఏమీ తేలలేదు. అన్నీ బాగానే ఉన్నాయన్నారు. కర్టెన్లక్కకి సంతోషం రావాల్సింది పోయి ఏడుపొచ్చింది. ఏదో ఒక జబ్బు పేరు దొరికితే నలుగురికీ చెప్పుకోవచ్చని లోపల్లోపల ఆశపడింది మరి. "అంటే నాకేం లేదన్నమాట. బద్ధకమన్నమాట," అంది.

డాక్టరమ్మ కళ్ళజోడు తీసింది. "బద్ధకస్తులు బద్ధకాన్ని తల్చుకుని ఏడవరమ్మా. హాయిగా పడుకుంటారు. ఇది జబ్బే. రక్తంలో కనపడనంత మాత్రాన లేనట్టు కాదు." మనసు సంగతులు చూసే ఇంకో డాక్టరు దగ్గరికి పంపింది. ఆ మాట విని మొగుడు మొదట హడలిపోయాడు. "అక్కడికా? నలుగురూ ఏమనుకుంటారే?" అన్నాడు. గుండుసూది అందుకుంది. "పంటి నొప్పికి పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తే పళ్ళన్నీ రాలిపోయాయని అనుకుంటున్నారా అన్నయ్యా? నోర్మూసుకుని బండి తియ్యి." ఆ డాక్టరు ఓపిగ్గా విన్నాడు. ఒక చిన్న మాత్ర రాశాడు. దాని గుణం కనపడ్డానికి కొన్ని వారాలు పడుతుందనీ, బాగుందనిపించగానే మీ అంతట మీరు ఆపెయ్యొద్దనీ చెప్పాడు. అప్పుడప్పుడూ వచ్చి మాట్లాడి వెళ్ళమన్నాడు. మాట్లాడ్డానికి రమ్మన్న డాక్టరు కర్టెన్లక్కకి తెగ నచ్చేశాడు.

ఇక ఇంట్లో సంగతి. మొగుడు నెమ్మదస్తుడు. పెళ్ళాం నిద్ర చెడుతుందని ఇన్నాళ్ళూ తెల్లారగట్ల దీపం వెయ్యకుండా, చెప్పులు చేత్తో పట్టుకుని, టీ కూడా తాగకుండా దొంగలా బయటపడేవాడు. వెళ్ళేముందు కర్టెన్ల మధ్య సందేమైనా ఉందేమోనని తడిమి చూసి మరీ మూసి వెళ్ళేవాడు. ఆ చీకటే ఆమెని ముంచుతోందని తెలిసేసరికి పాపం, కుర్చీలో కూలబడిపోయాడు.

"నువ్వు ఇంకాసేపు పడుకుంటావని కదే మూసేది..."

"తెలుసయ్యా. నీకు నిద్ర పట్టాలని కదా నేను కుట్టింది. ఒకరికోసం ఒకరం కలిసి నా నెత్తిన బొంత వేశాం. ఇందులో తిట్టుకోవడానికి మనిషే లేడు, అదే బాధ!"

ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ రోజు నుంచి పొద్దు గూకేవేళ కర్టెన్లు మూయడం ఆమె పని, తెల్లారగట్ల వెళ్తూ వెళ్తూ బార్లా తెరిచి వెళ్ళడం ఆయన పని. ఫోనుకి వంటింట్లో పప్పుల డబ్బా పక్కన పడక ఏర్పాటైంది. గిన్నెలు కూడా చప్పుడు చేస్తే మంచిదేమోనని, ఆయన మొదటిరోజు తెల్లారగట్ల వంటింట్లో చేసిన మోతకి పక్కింటివాళ్ళు లేచొచ్చారు. అంత అక్కర్లేదని తర్వాత చెప్పాల్సొచ్చింది.

కర్టెన్లు తీసేస్తే దిగులు రెక్కలొచ్చి ఎగిరిపోయిందని చెప్తే కథ బాగుండును. అలా ఏం జరగలేదు. మొదటిరోజు మెలకువ వచ్చేసరికి గది నిండా వెలుతురు. గుండెల మీద బొంత అలాగే ఉంది. చీకట్లో ఉన్న దిగులు ఇప్పుడు వెలుతురులో ఉంది, అంతే తేడా. గోడ వైపుకి తిరిగి పడుకుంది.

అప్పుడు తలుపు చప్పుడైంది. గుండుసూది.

లోపలికి వచ్చి, ఎలా ఉన్నావని అడగలేదు. రాత్రి నిద్ర పట్టిందా అనీ అడగలేదు. మంచం చివర కూచుని, "ఆ ఎదురింటి మేడాయన లేడూ, నిన్న మళ్ళీ వాళ్ళావిడ వంకీలు తిరిగిన గొడుగు పట్టుకుని రోడ్డెక్కాడు," అని మొదలుపెట్టింది. "ఎందుకో చెప్తాను కానీ ఇక్కడ కాదు. చెప్పులేసుకో."

"నాకు ఓపిక లేదే."

"నడవడానికి ఓపిక అక్కర్లేదు, వినడానికి చెవులుంటే చాలు. మొహం కడుక్కోకపోయినా పర్లేదు, నేనేం నీకు పెళ్ళిచూపులకి రాలేదు."

మొహం కడుక్కోకుండానే వెళ్ళింది. వీధి చివర పాల బూతు దాకా, అక్కణ్ణుంచి బస్టాపు వెనక గోడ పక్కగా, ఎండ మొహాన పడేలా. గొడుగు సంగతి బేకరీ దాకా సాగింది. బేకరీ వెనక తలుపు దగ్గర మొగుడు పొయ్యిలోంచి అప్పుడే తీసిన రొట్టె కాగితంలో చుట్టి ఇచ్చాడు. ఆడపడుచు సగం, తను సగం. ఇంకా దిగులుగానే ఉంది. కానీ దిగులుగా ఉన్న మనిషి నోట్లో వేడి రొట్టె కూడా ఉంది.

మర్నాడు కూడా వచ్చింది. ఆ మర్నాడు కూడా. వానొస్తే గొడుగుతో వచ్చింది. ఇద్దరికీ మాటా మాటా పెరిగి పోట్లాడుకున్న మర్నాడు కూడా వచ్చి, దారంతా మాట్లాడకుండా పక్కనే నడిచింది. నోట్లో నువ్వుగింజ నానని మనిషి, ఒక్కరోజు కూడా ఈ సంగతి వీధిలో ఎవరితోనూ అనలేదు. ఎవరైనా ఏమిటమ్మా పొద్దున్నే షికార్లు అంటే, "నాకు కొవ్వు పట్టిందని డాక్టరు నడవమంది, మా వదిన తోడొస్తోంది," అనేది. చువ్వలా ఉండే మనిషి! ఎవరు నమ్మారో దేవుడికెరుక. ఆ అబద్ధం తల్చుకుంటే కర్టెన్లక్కకి ఇప్పటికీ కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి.

కొంచెం కొంచెంగా పొద్దులు మారాయి. వెలుతురు వల్లా, నడక వల్లా, మాత్ర వల్లా, ఆడపడుచు నోటి వల్లా అని అడిగితే ఆమెకే తెలీదు. నాలుగు దారాలు కలిపి పేనాక ఏ దారం బరువు మోస్తోందో ఎలా తెలుస్తుంది? మెలకువ వచ్చేసరికి బొంత ఉండేది, కానీ పాల బూతు దగ్గరికి వచ్చేసరికి జారిపోయేది. ఒక్కోరోజు గుమ్మం దగ్గరే జారిపోయేది. ఒకరోజు అసలు లేనే లేదు. దాని కోసం మంచం మీద వెతుక్కుని, లేదని తెలిసి లేచి కూచుంది.

అలాగని రోజులన్నీ అలాగే లేవు. గుండుసూది గడువు పెట్టిన నెలాఖరు రానే వచ్చింది. ఆవేళ పొద్దున, ఎక్కణ్ణుంచి వచ్చిందో, బొంత మళ్ళీ వచ్చి పడింది. పూర్తిగా తడిసి, మొదటిరోజంత బరువుతో. పైగా గుండుసూది ఆ పొద్దున నడకకి రాలేదు. కొట్టులో పనుంది, నేరుగా అక్కడికే రమ్మని కబురు పెట్టింది.

అర్థమైపోయింది కర్టెన్లక్కకి, కోతకి వేరే మనిషి వచ్చేశాడని. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. కొట్టుకి పెద్ద హోటలు వాళ్ళ పని వచ్చింది, భోజనాల హాలు మొత్తానికి. గుడ్డ ఎక్కడి నుంచో తెప్పించారు, కొలతకి సరిగ్గా సరిపోయేంతే వచ్చింది. ఒక్క కోత తప్పితే మళ్ళీ దొరకదు. అలాంటి గుడ్డని, పొద్దున ఎలా ఉంటుందో తెలియని మనిషి చేతిలో ఎవరు పెడతారు? తను అయినా పెట్టదు. న్యాయంగా ఆలోచిస్తే గుండుసూది తప్పేం లేదు. ఇన్నాళ్ళు మనిషిలా చూసుకుంది, అంతకన్నా ఏం కావాలి? హుక్కులు కుడదాం, అనుకుంది. ఆ మాట అనుకుంటూనే ఒక్కర్తే లేచింది. ఒక్కర్తే చెప్పులేసుకుంది. పాల బూతు మీదుగా, ఎండ వైపుకే తిరిగి, ఒక్కర్తే నడిచి వెళ్ళింది.

కొట్టు తలుపు తీసి ఉంది. లోపల ఒక నడివయసు ఆయన స్టూలు మీద వినయంగా కూచుని ఉన్నాడు. కర్టెన్లక్క ఆయన్ని చూసింది. కటింగ్ బల్ల వైపు చూడటానికి ధైర్యం చాల్లేదు.

"ఈయనేనా?" అంది.

"ఈయనే. ఇవాళ్టి నుంచి వస్తాడు," అంది గుండుసూది.

"మంచిది." చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. "హుక్కుల డబ్బా ఎక్కడ పెట్టావే?"

"ఆయన చేతిలోనే ఉంది కదా, కనపడట్లా?"

నిజమే. ఆయన ఒళ్ళో హుక్కుల డబ్బా ఉంది. ఒక చేతిలో సూది కూడా ఉంది.

"హుక్కులకి ఆయన్ని పెట్టాను. నువ్వు హుక్కులు కుడితే ఎంత వంకరగా కుడతావో నాకు తెలీదా?" అంది గుండుసూది. తర్వాత దగ్గరికొచ్చి, ఆయనకి వినపడకుండా గొంతు తగ్గించింది. ఆవిడ గొంతు తగ్గుతుందని అప్పటిదాకా ఎవరికీ తెలీదు. "ఇవాళ బాగాలేదు కదూ? మొహం చూస్తే తెలుస్తోందిలే. కొయ్యగలవా?"

కర్టెన్లక్క నిజమే చెప్పింది. తలనొప్పని చెప్పలేదు, నడుమనీ చెప్పలేదు. "బరువుగా ఉందే. ఇప్పుడే తెలీదు. ఇంకాసేపు ఆగితే కొయ్యగలనేమో."

"ఆగుదాం. ఇవాళ కాకపోతే రేపు పొద్దున కోద్దాం. రేపు కాకపోతే ఎల్లుండి. హోటలు వాళ్ళకి చెప్పేశాను, మా కటింగ్ మనిషికి వీలైనప్పుడే అవుతుంది, తొందరుంటే వేరేచోట చూసుకోండి అని. గుడ్డేమైనా కూరగాయా, కుళ్ళిపోవడానికి?"

కర్టెన్లక్క, "నీ ఋణం..." అని మొదలుపెట్టింది.

"ఆ మాటన్నావో, నిజంగా హుక్కులు కుట్టిస్తాను," అంది గుండుసూది. నోట్లో సూదులు పెట్టేసుకుంది, ఇక మాట్లాడటానికి లేదన్నట్టు.

కర్టెన్లక్క కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, టీ తాగుతూ ఎండలో కూచుంది. హుక్కులాయన తన ఊరి కబుర్లు చెప్పాడు. ఎవరి కొట్టులో ఏం జరిగిందో చెప్పాడు. సగం వింది, సగం వినలేదు. బల్ల మీద ఎండ మెల్లగా జరిగి గుడ్డ మీదికొచ్చింది. ఆకుపచ్చా నీలమూ కలిసిన రంగు, వెలుతురు తగలగానే లోపల్నుంచి వెలిగింది. చూస్తూ చూస్తూ లేచి నిలబడింది. చెయ్యి చాపి గుడ్డని కిందికి ఒకసారి, పైకి ఒకసారి నిమిరింది. సుద్దముక్క చెవి మీద పెట్టుకుంది.

"ఏమే, ఆ చివర పట్టుకో. గట్టిగా. ఆ లూజేమిటి, నీ మొగుడి చొక్కానా అది?"

గుండుసూది సూదుల మధ్యలోంచే నవ్వి, గుడ్డ చివర రెండు చేతులతో బిగించి పట్టుకుంది. కత్తెర అంచు దగ్గర దిగి, కరకరమంటూ ముందుకి సాగింది.